వెదురుతో పేపర్ పల్పు: మిల్లులు ఎందుకు ఎగబడ్డాయి, ఎందుకు వదిలేశాయి, ఇప్పుడు వేస్తే ఏంటి

ఆన్‌లైన్‌లో టిష్యూ పేపరు కొనబోతే ఈమధ్య చాలా ప్యాకెట్ల మీద నూరు శాతం వెదురు, ఒక్క చెట్టు కూడా కొట్టలేదు అని రాసి ఉంటోంది, రేటు మాత్రం మామూలు దానికంటే ఎక్కువే. అది చదివినవాళ్ళకి వెదురుతో కాగితం అంటే ఏదో కొత్తగా కనిపెట్టిన పర్యావరణ ఐడియా అనిపిస్తుంది గానీ మన దేశంలో ఇది వందేళ్ళ పాత ముచ్చట. సిర్పూర్ కాగజ్‌నగర్‌లో, రాజమండ్రిలో, మహారాష్ట్ర బల్లార్‌పూర్‌లో, కర్ణాటక దాండేలిలో మిల్లులు దశాబ్దాల తరబడి వెదురు మీదే నడిచాయి, మన పెద్దవాళ్ళు రాసుకున్న నోటుపుస్తకాల్లో చాలా భాగం ఆ బొంగుల నుంచి వచ్చిందే. తర్వాత ఒక్కొక్కటిగా వదిలేశాయి. ఎందుకంటే అడవిలో వెదురు అయిపోయింది కాబట్టి అని అందరూ చెప్తారు, నిజమే, కానీ ఏడాదికేడాది పిలకలు వేసుకుంటూ పెరిగే గడ్డి మొక్క ఎలా అయిపోయింది అన్నది అడగరు. అక్కడే ఉంది కథంతా.

ముందు నార సంగతి చూద్దాం. వెదురు గడ్డి జాతి, వరి, చెరకు ఉన్న కుటుంబమే. కాగితానికి చిరగని బలం ఇచ్చేది ప్రధానంగా నార పొడుగు. చలి ప్రాంతాల్లో పెరిగే పైన్, స్ప్రూస్ కలపలో నార సుమారు 3 మిల్లీమీటర్లు ఉంటుంది, మన జామాయిల్‌లో అయితే 1 మిల్లీమీటరు లోపే, వెదురులో జాతిని బట్టి ఒకటిన్నర నుంచి రెండున్నర మిల్లీమీటర్ల దాకా వస్తుంది. మనకి హిమాలయాల వైపు తప్ప పైన్ అడవులు లేవు, అందుకే బలమైన కాగితం చెయ్యాలంటే పొడుగు నార పల్పు ఇప్పటికీ బయటి దేశాల నుంచి తెప్పించుకుంటూనే ఉన్నారు. ఆ లోటుని కొంతైనా పూడ్చగలిగిన సొంత సరుకు మన దగ్గర వెదురు. అలాగని అన్నీ ప్లస్సులే అనుకోవద్దు. వెదురు నార గోడ మందం, లోపలి గొట్టం సన్నం, దానివల్ల నార నొక్కితే రిబ్బనులా చదునుగా పరుచుకోదు, గుండ్రంగానే ఉంటుంది, కాబట్టి రిఫైనర్‌లో బాగా నలగ్గొట్టాలి, ఆ మేరకు కరెంటు ఖర్చు. పైగా బొంగులో దాదాపు సగం నార కాని మెత్తటి కణజాలమే, అది పల్పులో సన్నటి పొడిలా కలిసిపోయి నీళ్ళు త్వరగా దిగనివ్వదు, నీళ్ళు దిగకపోతే మిషను స్పీడు తగ్గించాల్సిందే.

వండటం పద్ధతి కలపకి ఎలాగో దీనికీ దాదాపు అలాగే. బొంగుల్ని చిప్పర్‌లో ముక్కలు కొట్టి, జల్లెడ పట్టి, డైజెస్టర్‌లో వేసి కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్ కలిపిన ద్రావణంతో 160, 170 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉడికిస్తారు. నారల్ని ఒకదానికొకటి అతికించి ఉంచే లిగ్నిన్ కరిగి నల్లటి ద్రావణంలోకి పోతుంది, దీన్నే బ్లాక్ లిక్కర్ అంటారు, మిగిలిన నార కడిగి బ్లీచింగ్‌కి పంపుతారు. ఇక్కడ వెదురు పెట్టే మొదటి తంటా కణుపు. కణుపు దగ్గర గట్టిగా ఉండి మందు లోపలికి దిగదు, మిగతా ముక్క ఉడికిపోయినా అది పచ్చిగా మిగిలిపోతుంది. డెహ్రాడూన్ ఫారెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో విలియం రైట్ అనే ఆయన గత శతాబ్దం మొదట్లో చాలా ఏళ్ళు దీని మీదే కూర్చున్నాడు, బొంగుని ముందే నలగ్గొట్టడం, ముందు పలచటి ద్రావణంతో పిండిపదార్థం తీసేసి తర్వాత గాఢమైన దానితో లిగ్నిన్ తియ్యడం లాంటివి ఆయన ప్రయోగాల్లోనివే. పల్పు రాబడి చూస్తే ఎండిన వెదురు బరువులో సుమారు 45 శాతం, అంటే టన్ను పల్పుకి రెండు టన్నుల పైన ఎండు సరుకు కావాలి, నరికిన పచ్చి బొంగు లెక్కన అయితే నాలుగు టన్నులు దాటుతుంది.

రెండో తంటా నిలవ. వానాకాలంలో కొత్త పిలకలు వచ్చే టైములో నరకకూడదు, కాబట్టి మిల్లు యార్డులో నెలల తరబడి సరిపడా బొంగు పోగెయ్యాలి. బొంగులో పిండిపదార్థం ఉంటుంది, దానికి పుచ్చు పురుగు పడుతుంది, బూజు పడుతుంది, పట్టుకుంటే పిండి రాలే దశకి వస్తే ఆ సరుకులో నారే మిగలదు. ఎండాకాలం అయితే మంటల భయం. ఇంకోటి, బొంగు బోలుగా ఉంటుంది కదా, లారీ నిండినా బరువు నిండదు, డీజిలు మాత్రం పూర్తి లారీకి అయినంత అవుతుంది. ఈ రవాణా లెక్క గుర్తుపెట్టుకోవాలి, కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

వీటన్నిటికంటే పెద్ద తంటా ఇసుక. ఇసుక అంటే నేల మీది మట్టి కాదు, వెదురు తన ఒంట్లోనే దాచుకునే సిలికా. గడ్డిజాతి అన్నిటికీ ఈ గుణం ఉంది, వరిగడ్డిలో ఇంకా ఎక్కువ. కలపలో సిలికా చాలా తక్కువ, వెదురులో జాతిని బట్టి ఒకటి నుంచి మూడు శాతం దాకా ఉంటుంది. మూడు శాతానికే ఇంత గొడవా అనిపించొచ్చు, కానీ పేపర్ మిల్లు బతికేది పల్పు మీద మాత్రమే కాదు, వాడిన సోడాని తిరిగి రాబట్టుకోవడం మీద కూడా. బ్లాక్ లిక్కర్‌ని ఎవాపరేటర్లలో చిక్కబరిచి బాయిలర్‌లో మండిస్తారు, దాని నుంచి ఆవిరి, కరెంటు వస్తాయి, అడుగున మిగిలిన సోడియం లవణాలకి సున్నం కలిపి మళ్ళీ కాస్టిక్ చేసుకుంటారు. ఈ చక్రం సరిగ్గా తిరిగితేనే మిల్లుకి లాభం. సిలికా ఆల్కలీలో కరిగి ఈ చక్రంలోకి దూరుతుంది. ఎవాపరేటర్ గొట్టాల లోపల గాజులా గట్టి పొర కడుతుంది, అది మామూలు కడుగుడుకి పోదు, వేడి పట్టదు, ఆపి శుభ్రం చేస్తే ఉత్పత్తి పోతుంది. లిక్కర్ జిగటగా తయారై సరిగ్గా మండదు. ఇక సున్నం దగ్గరికొస్తే సిలికా అంతా సున్నపు బురదలో చేరుతుంది, కలప మిల్లు అయితే ఆ బురదని బట్టీలో కాల్చి మళ్ళీ సున్నం చేసుకుంటుంది, వెదురు మిల్లు అలా కాలిస్తే తిప్పిన ప్రతిసారీ సిలికా పేరుకుంటూ పోతుంది, కాబట్టి బురద బయట పారబోసి కొత్త సున్నం కొనాలి. పాత వెదురు మిల్లుల పక్కన తెల్లటి బురద గుట్టలు ఉండేది ఇందుకే.

దీనికి మందు లేదా అంటే ఉంది. బ్లాక్ లిక్కర్‌లోకి బొగ్గుపులుసు వాయువు పంపి క్షారగుణం కొంచెం తగ్గిస్తే సిలికా ముందే విరిగి కిందికి దిగుతుంది, దాన్ని తీసేసి మిగతాది బాయిలర్‌కి పంపొచ్చు. కేరళలో హిందుస్తాన్ న్యూస్‌ప్రింట్ మిల్లులో ఐక్యరాజ్యసమితి పారిశ్రామికాభివృద్ధి సంస్థ సాయంతో ఇలాంటి ప్లాంటు పెట్టి చూశారు కూడా, ఆ మిల్లు ఈట వెదురు వాడేది. టెక్నాలజీ పరంగా కుదిరే పనే, కానీ అదనపు పెట్టుబడి, అదనపు మెయింటెనెన్స్, పక్కనే జామాయిల్ దొరుకుతుంటే ఈ తలనొప్పి ఎవరికి కావాలి అన్నదే మిల్లు మేనేజర్ల ఆలోచన, వాళ్ళని తప్పు పట్టడానికి కూడా ఏమీ లేదు.

మరి ఇన్ని తంటాలున్న సరుకు మీదికి మొదట్లో ఎందుకు ఎగబడ్డారు? ఒక కారణం రక్షణ సుంకం. 1925లో వెదురు కాగితం పరిశ్రమకి రక్షణ ఇస్తూ బ్రిటిష్ ప్రభుత్వం ఏకంగా చట్టమే తెచ్చింది, కొన్ని రకాల దిగుమతి కాగితం మీద పౌండు బరువుకి ఒక అణా సుంకం వేశారు, 1932లో దిగుమతి కలప పల్పు మీద కూడా టన్నుకి 45 రూపాయలు వేశారు. అప్పటిదాకా సబాయ్ గడ్డి, గుడ్డపీలికలు, విదేశీ పల్పు మీద నడిచిన మిల్లులు వెదురు వైపు తిరిగాయి. మన వైపు చూస్తే రాజమండ్రి మిల్లు 1920ల్లో కర్ణాటిక్ పేపర్ మిల్స్ పేరుతో మొదలైంది, పైనంతా ఏజెన్సీ వెదురు, కిందికి గోదావరి, అంతకంటే మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది. సిర్పూర్ మిల్లు 1938లో నిజాం కాలంలో ఏర్పడి 1942లో ఉత్పత్తి మొదలెట్టింది, ఆదిలాబాద్ అడవుల వెదురే దాని ఆధారం.

రెండో కారణం, అసలు కారణం, ధర. స్వాతంత్ర్యం వచ్చాక రాష్ట్ర ప్రభుత్వాలు ఫ్యాక్టరీలు రావాలని పోటీపడి అడవుల్ని దీర్ఘకాలపు లీజులకి ఇచ్చేశాయి. కేరళ మావూరులో గ్రాసిమ్ రేయాన్ పల్పు ఫ్యాక్టరీకి వెదురు టన్ను ఒక్క రూపాయికి ఒప్పందం, కర్ణాటకలో దాండేలి మిల్లుకి టన్నుకి రూపాయిన్నర. తప్పు చదవలేదు, టన్నుకే. అదే టైములో బుట్టలు, చాటలు, గంపలు అల్లుకునే మేదరివాళ్ళు బజారులో బొంగు బొంగుకి డబ్బు పెట్టి కొనుక్కునేవాళ్ళు, వాళ్ళకి దొరికే ధరకీ మిల్లుకి దొరికే ధరకీ పోలికే లేదు.

ఇంత చవగ్గా వస్తే ఏమవుతుందో ఆలోచించండి. సరుకు దాదాపు ఫ్రీ, అంటే మిల్లుకి వెదురు మీద అయ్యే ఖర్చు అంతా నరికే కూలీ, లారీ కిరాయి మాత్రమే. అప్పుడు ఎవరైనా ఏం చేస్తారు, మిల్లుకి దగ్గరున్న పొదలన్నీ ముందు ఊడ్చేస్తారు, అవి అయ్యాక ఇంకొంచెం దూరం, తర్వాత పక్క జిల్లా, తర్వాత పక్క రాష్ట్రం. పొదని కాపాడుకుంటే పదేళ్ళ తర్వాత కూడా వస్తుంది అన్న ఆలోచనకి మిల్లు జమాఖర్చుల్లో విలువే లేదు, ఎందుకంటే ఆ పొద విలువ రూపాయిన్నర.

నరికే పద్ధతికి రూల్స్ లేక కాదు. అటవీ శాఖ వర్కింగ్ ప్లాన్లలో అన్నీ ఉన్నాయి, కూపుని, అంటే నరకడానికి గుర్తుపెట్టిన అడవి ముక్కని, మూడు నాలుగేళ్ళకోసారి మాత్రమే నరకాలి, ఈ ఏడు పుట్టిన బొంగు, నిరుడు పుట్టిన బొంగు ముట్టుకోకూడదు, నేల నుంచి రెండో కణుపు పైన నరకాలి, వానల్లో ఆపాలి. వెదురు బొంగు రెండు మూడు నెలల్లో పూర్తి ఎత్తు పెరిగిపోతుంది గానీ ముదరడానికి మూడేళ్ళు పడుతుంది, ముదురు బొంగులన్నీ పొద మధ్యలో ఇరుక్కుని ఉంటాయి, లేతవి అంచున ఉంటాయి. మధ్యలోది తియ్యాలంటే గుర్రపు లాడం ఆకారంలో ఒక పక్క దారి చేసుకుని లోపలికి పోవాలి. కట్టల లెక్కన కూలి తీసుకునే మనిషికి అంత ఓపిక ఎందుకుంటుంది, అంచున తేలిగ్గా అందేవి కొట్టుకుపోతాడు, కాంట్రాక్టరుకి కావాల్సింది కూడా టన్నులే. లేత బొంగులు పోతే వచ్చే ఏడు పిలకలకి బలం అందదు, పొద చిక్కిపోతుంది.

ముళ్ళ సంగతి ఇంకా చిత్రం. బుట్టలల్లేవాళ్ళ గొడవలు పెరిగాక 1970ల్లో కర్ణాటక ప్రభుత్వం పర్యావరణ శాస్త్రవేత్త మాధవ్ గాడ్గిల్‌ని వెదురు పరిస్థితి చూడమంది. ఉత్తర కన్నడ అడవుల్లో మిల్లు తరఫు మనుషులు ముళ్ళ వెదురు పొదల అడుగున ఉండే ముళ్ళ కంపని శుభ్రంగా నరికేసి తర్వాత బొంగులు తీసేవాళ్ళు, అలా చేస్తే పొద బాగా పెరుగుతుందని వాళ్ళ నమ్మకం, పుస్తకాల్లోనూ అదే ఉండేది. తీరా చూస్తే జరిగింది పూర్తిగా రివర్సు. ఆ కంపే లేత కొమ్ముల్ని పశువుల నుంచి, కొండముచ్చుల నుంచి, ముళ్ళపందుల నుంచి కాపాడే కంచె. అది తీసేశాక పుట్టిన కొమ్ము పుట్టినట్టే మేతకి పోయింది. ఈ ముక్క ఆ ఊళ్ళ రైతులకి ముందు నుంచే తెలుసు, వాళ్ళని అడిగినవాళ్ళు లేరు, అంతే.

దీనికి తోడు పూత. సాధనపు వెదురైనా ముళ్ళ వెదురైనా కొన్ని దశాబ్దాలకోసారి అడవంతా ఒక్కసారిగా పూసి, గింజ రాల్చి, చచ్చిపోతుంది. గింజ మొలిచి మళ్ళీ నరికేంత పొద అవడానికి ఏళ్ళు పడుతుంది, ఆ లోపు మేత, నిప్పు తగలకూడదు. ఒకే సరుకు మీద ఆధారపడ్డ మిల్లుకి ఇంతకంటే పెద్ద రిస్కు ఉండదు. ఈశాన్యంలో మూలి వెదురు దాదాపు 48 ఏళ్ళకోసారి పూస్తుంది, 1959 ప్రాంతంలో పూసినప్పుడు ఆ గింజలు తిని ఎలుకలు విపరీతంగా పెరిగి పంటల మీద పడ్డాయి, మిజో కొండల్లో కరువొచ్చింది, మళ్ళీ 2006, 2008 మధ్య పూసింది. అస్సాంలో హిందుస్తాన్ పేపర్ కార్పొరేషన్ వాళ్ళవి జాగీరోడ్‌లో ఒకటి, పంచగ్రామ్‌లో ఒకటి ఏడాదికి లక్ష టన్నుల కెపాసిటీతో పూర్తిగా వెదురు మీద నడిచిన మిల్లులు. పంచగ్రామ్ మిల్లు 2015లో, జాగీరోడ్‌ది 2017లో ఆగిపోయాయి. పూత వల్ల సరుకు కొరత, రైలు పట్టాల గేజి మార్చే పనులకి రాకపోకలు ఆగడం, చేతిలో పెట్టుబడి లేకపోవడం, అన్నీ కలిసి ముంచాయి. వెదురు మధ్యలోనే కూర్చున్న మిల్లులు వెదురు అందక ఇబ్బంది పడ్డాయంటే ఆశ్చర్యంగానే ఉంటుంది.

1988 జాతీయ అటవీ విధానం వచ్చి, పరిశ్రమలు తమ ముడిసరుకు రైతుల దగ్గర పెంచుకోవాలి, సహజ అడవిని రాయితీ ధరకి ఇవ్వకూడదు అని చెప్పేసరికి మిల్లులు పొలాల వైపు తిరిగాయి. సారపాకలో 1979 నుంచి నడుస్తున్న భద్రాచలం పేపర్ బోర్డ్స్ క్లోనల్ జామాయిల్ మొక్కలు పంచింది, ప్రకాశం, గుంటూరు, కృష్ణా వైపు సుబాబుల్, కోస్తాలో సరుగుడు తోటలు లేచాయి. నాలుగేళ్ళలో కోతకొస్తుంది, కర్ర గట్టిగా ఉండి లారీకి బరువు నిండుతుంది, సిలికా గొడవ లేదు, పూసి చచ్చిపోయే గొడవ లేదు. నార పొట్టిదైతే ఏం, బలం కావాల్సిన చోట దిగుమతి పల్పు కొంచెం కలుపుకుంటే సరిపోతుంది. సిర్పూర్ మిల్లు 2014లో మూతపడి 2018లో జేకే పేపర్ చేతికొచ్చాక తిరిగి మొదలైంది, ఇప్పుడు ఆ చుట్టుపక్కల కూడా కలప తోటల మాటే వినిపిస్తుంది. మొత్తం మీద దేశంలో తయారయ్యే కాగితంలో ఎక్కువ భాగం పాత కాగితం నుంచే వస్తోంది, వెదురు వాటా ఇప్పుడు చిన్నది.

చట్టం సంగతి ఇంకో వింత. 1927 అటవీ చట్టంలో వెదుర్ని చెట్టు కింద రాశారు, దాంతో సొంత పొలంలో పెంచినా నరకడానికి, తరలించడానికి చాలా చోట్ల పర్మిట్లు కావాల్సి వచ్చేది, ఆ గొడవకి భయపడి రైతులు వెయ్యడమే మానేశారు. 2006 అటవీ హక్కుల చట్టం వెదుర్ని చిన్న తరహా అటవీ ఫలసాయంలో చేర్చింది, అయినా గడ్చిరోలి జిల్లా మెండా లేఖా గ్రామానికి తన అడవి వెదురు తానే తరలించి అమ్ముకునేందుకు రవాణా పర్మిట్ల పుస్తకం చేతికి రావడానికి 2011 ఏప్రిల్ దాకా పట్టింది, అప్పటి కేంద్రమంత్రి జైరాం రమేష్ స్వయంగా వచ్చి ఇస్తే తప్ప. అడవి బయట పెంచిన వెదుర్ని చెట్ల జాబితా నుంచి తీసేసింది 2017 నవంబరులో. గడ్డిని గడ్డి అని ఒప్పుకోవడానికి 90 ఏళ్ళు.

టిష్యూ ప్యాకెట్ల విషయానికొస్తే వాటిలో చాలావరకు చైనా పల్పే. అక్కడ వెదురుతో కాగితం వెయ్యేళ్ళ నాటి పని, బొంగుల్ని నెలల తరబడి నీటి గుంటల్లో నానబెట్టి సున్నంతో ఉడకబెట్టి చేత్తో తీసేవాళ్ళు, ఇప్పుడు సిచువాన్, గుయిజౌ వైపు పెద్ద మిల్లులున్నాయి, ఏడాదికి ఇరవై లక్షల టన్నులకి పైగా వెదురు పల్పు వస్తోంది. బ్లీచింగ్ చెయ్యని లేత గోధుమరంగు టిష్యూ అక్కడ బాగా అమ్ముడవుతుంది, టిష్యూకి తెలుపు, నునుపు పెద్దగా అక్కర్లేదు కాబట్టి వెదురుకి సరిపోయే సరుకు అదే. పర్యావరణానికి మేలా అంటే మొక్క పేరు చూసి చెప్పలేం, ఆ మిల్లు బాయిలర్‌లో మండేది బొగ్గా బ్లాక్ లిక్కరా, వెదురు తోట వేసింది బీడు భూమిలోనా సహజ అడవి కొట్టేసిన చోటా అన్నది చూడాలి. చెట్టు కొట్టలేదు అన్న ఒక్క మాటతో ఇవేవీ తేలవు.

ఇక రైతు లెక్క. జాతీయ వెదురు మిషన్ 2018లో కొత్త రూపంలో వచ్చాక, ముళ్ళు లేని టిష్యూ కల్చర్ భీమా వెదురు నర్సరీలు పెరిగాక, ఎకరానికి ఇన్ని పదుల టన్నులు అని వీడియోలు ఊదరగొడుతున్నాయి. ఆ దిగుబడులు నీళ్ళు, ఎరువు, మంచి నేల ఉంటే వచ్చేవి, బీడులో వేసి వదిలేస్తే వచ్చేవి కాదు, మొదటి నాలుగైదేళ్ళు చేతికి పెద్దగా ఏమీ రాదు, తర్వాత మాత్రం ఏటా కోత. పేపర్ మిల్లుకి అమ్మడం మీదే ఆశ పెట్టుకుంటే కష్టం, ఎందుకంటే మిల్లు టన్ను లెక్కన కొంటుంది, ఆ టన్ను రేటు పక్కనున్న సుబాబుల్, జామాయిల్ రేటుని దాటి పోదు, సిలికా ఖర్చు కూడా అందులోంచే కోస్తుంది. అదే బొంగు టమాటా పందిరికో, అరటి ఊతానికో, నిచ్చెనకో, సెంట్రింగుకో పోతే ముక్క లెక్కన అమ్ముడవుతుంది. అగరబత్తి పుల్లలకీ గిరాకీ ఉంది, 2020లో దిగుమతి వెదురు పుల్లల మీద సుంకం 10 నుంచి 25 శాతానికి పెంచారు. కాబట్టి మంచి బొంగు పోల్సుకి, మధ్యరకం పుల్లలకి, వంకరవి, చివర్లు, విరిగినవి చిప్స్ చేసి పల్పుకి అన్న వరసలో అమ్మితేనే గిట్టుబాటు. ఆ చిప్స్ కూడా ఊళ్ళోనే కొట్టి పంపితే బోలు బొంగు మోసే లారీ ఖర్చు తప్పుతుంది, ఇది పదిమంది రైతులు కలిసి ఒక చిప్పర్ పెట్టుకుంటే అయ్యే పని.

మిల్లు వైపు నుంచి చూసినా పూర్తిగా వెదురు మీద నడవాల్సిన అవసరం ఇప్పుడు లేదు, జామాయిల్ పల్పులో కొంత భాగం వెదురు కలిపితే దిగుమతి పొడుగు నార ఆ మేరకు తగ్గుతుంది, సిలికా కూడా పలచబడి చక్రం తట్టుకునే స్థాయిలో ఉంటుంది. పైగా ఇప్పుడు వెదురుకి పోటీదారులు పెరిగారు. అస్సాం నుమాలీగఢ్‌లో 2025 సెప్టెంబరులో ప్రారంభించిన వెదురు ఇథనాల్ రిఫైనరీకి ఏడాదికి 5 లక్షల టన్నుల పచ్చి వెదురు కావాలి. ఇలాంటివి ఇంకో రెండు మూడు వస్తే మిల్లులు సరుకు కోసం రైతు దగ్గర క్యూ కట్టాల్సిందే, కానీ అవి ఎక్కడ వస్తాయో, ఎంతకి కొంటాయో రాతపూర్వకంగా ఒప్పందం చేతికి వచ్చేదాకా పల్పుని నమ్ముకుని ఎకరాలకెకరాలు వెదురు పెట్టెయ్యడం మాత్రం తొందరపాటే.